లోబడుట వేరు, లోబరచుకొనుట వేరు

ధ్యానభాగము: 1 సమూయేలు 25వ అధ్యాయము



ఈ నెల మనము ధ్యానించుటకు తీసికొనిన భాగము ఒక యింటి సంగతి. ఆ యింటి యజమానుడు నాబాలు. అతడు మాయోనులో కాపురముండి, కర్మెలులో ఆస్తి గలవాడు. 3,000 గొఱ్ఱెలును 1,000 మేకలును అతనికుండెను. అతని భార్యయైన అబీగయీలు తెలివిగల స్త్రీ. అతడు మాత్రము కఠినుడు. ఈ కథను సండేస్కూలు పిల్లలకు చెప్పునప్పుడు దావీదు కోపమును గూర్చియు, అబీగయీలు గాడిదలమీద వేసికొనిపోయిన రొట్టెలను గూర్చియు చెప్పుదుము. అయితే ఆ కథలో ఒక పనివాని మాట కలదు. నేడు దానియొద్ద కొంతసేపు ఆగుదము.

గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు దినములలో దావీదు మనుష్యులు వచ్చి ఆహారమడుగగా, నాబాలు వారిని అవమానపరచి పంపివేసెను. దావీదు 400 మందితో కత్తులు కట్టుకొని బయలుదేరెను. ఇల్లంతయు నాశనమగు గడియ వచ్చినది. అట్టి సమయమున పనివాడు యజమానునియొద్దకు పరుగెత్తలేదు, అమ్మగారియొద్దకు పరుగెత్తెను. ఎందుకనగా యజమానునితో ఎవరును మాటలాడుటకు వీలులేదని అతడే చెప్పుచున్నాడు (17వ వచనము). నాబాలు తన భార్యను కొట్టెనని ఆ అధ్యాయములో ఎక్కడను వ్రాయబడలేదు. అయినను ఆ యింటిలో పనివాని మొదలుకొని అందరికిని ఒక సంగతి తెలియును: ఈయన యెదుట నోరు విప్పకూడదు.

ప్రియులారా, దెబ్బ కనబడని యింటిలోను చెర ఉండవచ్చునని ఈ ఒక్క మాట మనకు చూపుచున్నది.

చెర యెట్లు కనబడును?

మన పల్లెలలో, “అతడు కొట్టడు గదా, త్రాగడు గదా, ఆమెకిక కష్టమేమి?” అందుము. అట్టి యిల్లొకటి మనస్సులో తలంచుకొనుడి. ఆయన ఆదివారము అందరికంటె ముందు గుడికి వచ్చును, కానుక వేయును. ఆమె నాట్లు వేసి, పత్తి ఏరి తెచ్చిన కూలి డబ్బు సాయంకాలమే ఆయన చేతిలో పెట్టవలెను. ఉప్పు ప్యాకెట్టుకైనను లెక్క చెప్పవలెను. డ్వాక్రా అప్పు ఆమె పేర వచ్చును. డబ్బు ఆయన వాడుకొనును. వాయిదా ఆమె కట్టుకొనవలెను. బ్యాంకు పుస్తకమును ఆధారు కార్డును ఆయన పెట్టెలో తాళము వేయబడి యుండును. ఫోను మ్రోగినయెడల ఎవరని అడుగును. ఆమె పెట్టివేసిన తరువాత తీసి చూచును. బోరింగుయొద్ద ఆలస్యమైనయెడల ఎవరితో మాటలాడితివని నిలదీయును. అత్తవారు చూడవచ్చిన దినమున ముఖము మాడ్చుకొని పలుకకుండును. రెండు మూడు మారులైన తరువాత వారు రాక మానుకొందురు. స్త్రీల సమాజమునకు పోవలదనును. “నీకేమి తెలియును?” అని పిల్లల యెదుట చులకన చేయును. ఆమె ఎదురు చెప్పినయెడల, “పోయెదవా పో, పిల్లలను కండ్ల చూడనియ్యను” అనును. లేదా పురుగుల మందు డబ్బా తెచ్చి, “నేనే త్రాగి చచ్చెదను” అని బెదిరించును.

వీటిలో ఒక్కొక్కదానిని విడదీసి చూచినయెడల చిన్న సంగతిగానే తోచును. కొబ్బరి పీచు పోగును పసివాడైనను త్రెంపగలడు. ఆ పోగులనే పేనినయెడల మోకు అగును. మోకు ఎద్దును కట్టివేయును. గనుక ఒక్క పోగును చూచి తీర్పు చెప్పక, మోకును చూడవలెను.

తగవులు లేని యిల్లు లేదు. అయితే తగవు వేరు, చెర వేరు. తగవులో ఇద్దరును మాటలాడుదురు, ఇద్దరును అలుగుదురు, మరునాడు ఇద్దరును కలిసి గంజి త్రాగుదురు. చెరలో ఒకరే ఎల్లప్పుడును తగ్గవలెను, ఒకరే ఎల్లప్పుడును భయపడవలెను. దీనిని తెలిసికొనుటకు ఒక ప్రశ్న చాలును. ఆమె ఆయనతో “కాదు” అని చెప్పగలదా? చెప్పినయెడల ఆ రాత్రి ఆమెకేమి జరుగును? ఆ ప్రశ్నకు ఆమె ముఖములో భయము కనబడినయెడల, అక్కడ మోకు ఉన్నదని గ్రహించవలెను. ఈ చెర వేయువాడు భర్తయే కానక్కరలేదు. అత్త కోడలికి వేయవచ్చును. కొడుకు ముసలి తల్లికి వేయవచ్చును. అరుదుగా భార్య భర్తకు వేయవచ్చును. అయితే మన యిండ్లలో ఎక్కువగా దీనిని మోయుచున్నవారు భార్యలే.

వాక్యమును మోకుగా పేనకుడి

ఈ సంగతి ఎత్తినప్పుడు కొందరు బైబిలు చూపుదురు. స్త్రీలు లోబడవలెనని వ్రాయబడలేదా అందురు. వ్రాయబడియున్నది, మేము దానిని దాచము. అయితే ఎవరితో వ్రాయబడినదో చూడుడి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయములో అపొస్తలుడు మొదట విశ్వాసులందరును ఒకరికొకరు లోబడవలెనని చెప్పి, తరువాత భార్యలతో మాటలాడి, ఆ మీదట భర్తలతో మరి ఎక్కువగా మాటలాడుచున్నాడు. భర్తతో ఆయన చెప్పినదేమి? క్రీస్తు సంఘముకొరకు తన ప్రాణము పెట్టినట్లు నీవు నీ భార్యను ప్రేమింపుమని చెప్పెను. “నీ భార్యను లోబరచుకొనుము” అని ఆ పత్రికలోను లేదు, మరి ఏ పత్రికలోను లేదు. ఆదికాండము మొదటి అధ్యాయములో లోబరచుకొనుడని దేవుడు సెలవిచ్చినది భూమిని గూర్చియే. ఆ సెలవు స్త్రీ పురుషులిద్దరికిని కలిపి యివ్వబడినది.

లోబడుట ప్రేమగల హృదయము తానై యిచ్చు కానుక. లోబరచుకొనుట బలముతో లాగుకొనుట. కానుకపెట్టెలో ఇష్టముతో వేసిన రూపాయియు, జేబు కోసి తీసికొనిన రూపాయియు ఒకటి కావు. రూపాయి ఒకటే గాని, మొదటిది అర్పణ, రెండవది దొంగతనము.

మరి ఆదికాండము 3వ అధ్యాయములో పురుషుడు స్త్రీని ఏలునని లేదా అని అడుగుదురు. ఉన్నది. అది పాపము లోకములో ప్రవేశించిన తరువాత వచ్చిన దుఃఖములను చెప్పు చోటున ఉన్నది. రెండు వచనముల తరువాత, పొలములో ముండ్ల తుప్పలు మొలుచునని కూడ ఉన్నది. మనలో ఏ రైతైనను, ముండ్లు వాక్యములో ఉన్నవి గనుక వాటిని పీకకూడదని చేలో ఊరకుండునా? తెల్లవారకముందే లేచి కలుపు తీయించును. పొలములోని ముండ్లను పీకువారము ఇంటిలోని ముండ్లకు నీళ్లు పోయుట న్యాయమా?

పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయమును కూడ భార్యలకు వినిపించుదుము. మాటలు లేకుండ నడవడిచేత భర్తను గెలువవలెనని ఆయన వ్రాసెను. అయితే 6వ వచనము వరకు చదువవలెను. ఏ బెదరింపుకును భయపడక మేలు చేయు స్త్రీలే శారా కుమార్తెలని అక్కడ ఆయన చెప్పుచున్నాడు. 7వ వచనములో భర్తతో, నీ భార్యను సన్మానింపుము, లేనియెడల నీ ప్రార్థనలకు అడ్డు కలుగునని హెచ్చరించుచున్నాడు. భార్యను భయములో ఉంచి గుడిలో కన్నీటితో ప్రార్థించువాడు ఈ వచనమును మరల మరల చదువుకొనును గాక. విడనాడుట దేవునికి అసహ్యమని చెప్పుటకు మలాకీ 2వ అధ్యాయము 16వ వచనము ఎత్తుదురు. బలాత్కారము కూడ ఆయనకు అసహ్యమని ఆ వచనమే చెప్పుచున్నది. సగము వచనముతో ఒక స్త్రీని కట్టివేయకుడి.

అబీగయీలు ఏమి చేసెను?

మరల నాబాలు యింటికి వత్తము. పనివాని మాట విని అబీగయీలు తడవు చేయలేదు. 200 రొట్టెలు, 2 ద్రాక్షారసపు తిత్తులు, వండి సిద్ధపరచిన 5 గొఱ్ఱెల మాంసము, వేచిన ధాన్యము, ఎండు ద్రాక్షలు, అంజూరపు అడలు గాడిదలమీద వేయించి దావీదుకు ఎదురుగా పోయెను. భర్తకు చెప్పలేదు. ఇది బైబిలు దాచిపెట్టిన సంగతి కాదు. స్పష్టముగా వ్రాసిన సంగతి. ఆమె అవిధేయురాలని దావీదు అనలేదు. ఆమెను తనకెదురుగా పంపినందుకు దేవుని స్తుతించి, ఆమె బుద్ధిని కొనియాడెను. ప్రాణములు పోవు వేళ అనుమతికొరకు కనిపెట్టియుండుట భక్తి కాదు.

ఆమె వేళను కూడ ఎరిగినది. తిరిగి వచ్చునప్పటికి నాబాలు విందు చేసి మత్తుడై యుండెను. ఆ రాత్రి ఆమె ఏమియు చెప్పలేదు. తెల్లవారి మత్తు దిగిన తరువాత చెప్పెను. “అప్పుడే ఎదిరించి అడుగవలసినది” అని బయటివారు సులువుగా అనగలరు. ఏ గడియలో నోరు తెరచిన ప్రమాదమో, ఏ గడియలో మౌనము క్షేమమో ఆ యింటిలో నున్న ఆమెకే బాగుగా తెలియును. అది పిరికితనము కాదు, జ్ఞానము.

మూడవది, ఆమె ఒంటరి కాదు. ఒక పనివాడు అపాయమును ముందుగా చెప్పెను. పనివారు ఆమెకు ముందుగా నడచిరి. వారిలో ఎవరును ఆ సంగతి యజమానుని చెవిని వేయలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. పది దినములైన తరువాత ప్రభువు నాబాలును మొత్తగా అతడు చనిపోయెను. కాబట్టి దేవుడే చూచుకొనును, నీవు ఓర్చుకొనుమని బాధపడు స్త్రీకి చెప్పవచ్చునని ఎవరును అనుకొనరాదు. దేవుడు మొత్తు దినము ఆమె చేతిలో లేదు. ఆమె మాత్రము ఆ దినముకొరకు కూర్చుండక, ముందే లేచి ఇంటిని రక్షించెను.

సంఘము చేయవలసినది

మన సంఘము ఆ పనివారివలె ఉండవలెను. “సంసారము గుట్టు” అని మనవారందురు. ఆ సామెతను పూర్తిగా చెప్పుకొనుడి: సంసారము గుట్టు, రోగము రట్టు. రోగమును దాచినయెడల మనిషి చచ్చును. ఇంటిలో భయము కాపురముండుట రోగమే గాని సంసారము కాదు.

అయితే రట్టు చేయుటకు కూడ తెలివి కావలెను. సంఘపు పెద్దలు భార్యాభర్తలిద్దరిని ఒక చాపమీద కూర్చుండబెట్టి, “అమ్మా, నీకేమి కష్టమో చెప్పుము” అని అడుగుదురు. ఆయన ప్రక్కన ఉండగా ఆమె ఏమి చెప్పగలదు? ఏమియు లేదనును. ఆ రాత్రి ఆయనతో ఇంటికి పోవలసినది ఆమెయే గదా. గనుక ఆమెతో ఒంటరిగా మాటలాడవలెను. అయ్యగారి భార్యగాని, బైబిలు స్త్రీగాని, ఆమె నమ్మిన పెద్దామె ఎవరైనను గాని అడుగవలెను. చెప్పిన దానిని నమ్మవలెను. ఆమె సెలవు లేకుండ ఒక్క మాటయు భర్త చెవికి చేరకూడదు. “నీవేమి చేసితివి ఆయనకంత కోపము వచ్చుటకు?” అని అడుగకూడదు. “సర్దుకొని పొమ్ము” అని పంపివేయకూడదు.

విడిచి వచ్చు సమయమే మిక్కిలి ప్రమాదమైన సమయమని ఇట్టి స్త్రీలకు సహాయపడువారు చెప్పుచున్నారు. మోషే, నా జనులను పోనిమ్మని దేవుని మాట చెప్పిన దినముననే ఫరో గడ్డి ఇచ్చుట మానిపించి పని భారము పెంచెను. వారు బయలుదేరిన తరువాత ఏర్పరచిన 600 రథములతో వెంబడించెను. పట్టు జారిపోవుచున్నదని తెలిసినవాడు పట్టు బిగించును. కాబట్టి ఆమెను తొందరపెట్టకుడి. ఆమెతో కలిసి ఆలోచించుడి. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లల బడి కాగితములు, మందులు, కొంచెము డబ్బు నమ్మిన యింట దాచిపెట్టవచ్చును. క్రైస్తవ వివాహము 1872 చట్టము చొప్పున రిజిష్టరులో వ్రాయబడినదైతే, దాని ధ్రువీకృత నకలు ఆమె పొందవచ్చును. ఆ కాగితము భార్యకు గొప్ప ఆధారము. అడిగినప్పుడు ఎవరును ఆటంకపరచకూడదు.

దేశపు చట్టము కూడ ఆమె పక్షమున ఉన్నది. గృహహింసనుండి మహిళల రక్షణ చట్టము 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. దెబ్బలు మాత్రమే కాక, మాటలతో అవమానించుట, మనస్సును హింసించుట, డబ్బును, ఆస్తిని, అవసరములను అడ్డగించుట కూడ గృహహింసయేనని ఆ చట్టము చెప్పుచున్నది. ఆ యింటిలో నివసించు హక్కు ఆమెకు కలదు. ఇల్లు భర్త పేరనో మామగారి పేరనో ఉన్నదని ఆమెను ఊరకనే వెళ్లగొట్టరాదు. ఆమె రక్షణాధికారి ద్వారాగాని, స్వయముగాగాని మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును. ఆమెను బాధింపరాదనియు, ఖర్చులకు డబ్బియ్యవలెననియు, పిల్లలు తాత్కాలికముగా ఆమెయొద్ద ఉండవలెననియు మేజిస్ట్రేటు ఉత్తరువియ్యగలరు. ఇట్టి హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. మంచి మనస్సుతో తెలిపినవారిమీద కేసు ఉండదని 4వ సెక్షను చెప్పుచున్నది. పొరుగువారమైన మనము భయపడనక్కరలేదు. అయినను ముందు ఆమె క్షేమమును, ఆమె మాటను విచారించియే తెలుపవలెను.

181 మహిళల సహాయ నంబరు. అపాయము ముంచుకొనివచ్చినప్పుడు 112. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. 1987 చట్టము చొప్పున స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలు సహాయము దొరకును. 2015 నుండి స్థాపింపబడుచున్న సఖి కేంద్రములలో, అనగా వన్ స్టాప్ సెంటర్లలో, వైద్యము, న్యాయ సలహా, కొన్ని దినములు తలదాచుకొను చోటు లభించును. ఆమె ఫోను భర్త చూచునని యెరిగినయెడల, మీ ఫోను ఆమెకియ్యుడి. అదియు ప్రభువు పేరట ఇచ్చిన చల్లని నీళ్ల గిన్నెయే.

భర్తలతో ఒక మాట

ఇది చదువుచున్న సహోదరుడా, నీ యింటిలో నీవు ప్రవేశించినప్పుడు నవ్వులు ఆగిపోవుచున్నవా? నీ అడుగుల చప్పుడు విని పిల్లలు సర్దుకొని కూర్చుందురా? అది గౌరవమని మోసపోకుము. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగెను. చిన్నపిల్లలను తనయొద్దకు రానియ్యుడని ఆయన చెప్పెను.

మారితిననుట సులువు. వడగండ్లు కురియుచున్నప్పుడు ఫరో, నేను పాపము చేసితినని ఒప్పుకొనెను. వాన నిలిచిన వెంటనే మనస్సు కఠినపరచుకొనెను. కన్నీరు మారుమనస్సు కాదు. జక్కయ్య మారుమనస్సు పొందిన దినమున తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. నీవు తీసికొనినదేమి? ఆమె కూలి డబ్బు, ఆమె కార్డులు, ఆమె పుట్టింటి దారి, ఆమె సమాజము, ఆమె మాట. వాటిని తిరిగి యిమ్ము. ఇచ్చిన తరువాతను ఆమె వెంటనే నిన్ను నమ్మకపోయినయెడల అలుగకుము. క్షమాపణ ఆమె ఇష్టముగా ఇయ్యవలసినది. దానిని కూడ బలవంతముగా లాగుకొనకుము. మనుష్యుడు మారెనా లేదా అని సంఘము అతని సాక్ష్యమునుబట్టి కాక, ఆమె భయము తగ్గెనా లేదా యనుదానినిబట్టి తెలిసికొనవలెను.

సహోదరీ, నీతో

నీవు ఈ మాటలు దాచుకొని చదువుచున్నావేమో. నీవు భయపడుచున్నది నీ విశ్వాసము తక్కువై కాదు. నీ భర్త మనస్సు మార్చుట నీ ప్రార్థనకు పెట్టబడిన పరీక్ష కాదు. సిలువ మోయుట అనగా మరియొకని పాపమును నోరు మూసికొని భరించుట కాదు. నజరేతువారు యేసును కొండకొమ్మునుండి పడద్రోయజూచినప్పుడు, ఆయన వారి మధ్యనుండి దాటి తన దారిన వెళ్లిపోయెను (లూకా 4). తన గడియ రాకమునుపు మన ప్రభువే తప్పించుకొని వెళ్లగా, నీవును క్షేమమైన చోటికి వెళ్లుట పాపము కాదు. వెళ్లవలెనా, ఉండవలెనా అనునది నీవు నిర్ణయించుకొనవలసిన సంగతి. ఏది నిర్ణయించుకొనినను నీవు మా కుమార్తెవే. మేము ఈ మాటలు వ్రాయుట కాపురములు చీల్చుటకు కాదు. భయముతో నిలిచిన కాపురము ముందే చీలియున్నది. ప్రేమతో నిలిచిన కాపురమును ఈ మాటలు చీల్చలేవు. పరిపూర్ణమైన ప్రేమ యున్న చోట భయమునకు చోటులేదని యోహాను వ్రాసియున్నాడు.

పెద్దలారా, ఈ నెల కూడికలో ఒక్క పని చేయుడి. మన ఊరిలో ఇట్టి స్త్రీ రాత్రివేళ తలుపు తట్టినయెడల తెరచు యిల్లు ఏదో ఇప్పుడే ఏర్పరచుకొనుడి. ఆ తలుపు ఎవరిదో స్త్రీల సమాజములోని వారందరికిని రహస్యముగా తెలిసియుండవలెను. అబీగయీలు యింటిలో పనివాడు ఆమెయొద్దకు పరుగెత్తినట్లు, మన ఊరి అబీగయీలు మనయొద్దకు పరుగెత్తి రాగలిగియుండవలెను.

బంధింపబడినవారిని విడిపించుటకు వచ్చిన ప్రభువు మన యిండ్లలోని ప్రతి మోకును త్రెంచును గాక. దానిని విప్పు చేతులుగా మన చేతులను వాడుకొనును గాక. ఆమేన్.